బుర్రల పాదు కాయ

అల్లుడి మీద మాలకొండమ్మకు మిగిలి ఉన్న ఆ కాస్త నమ్మకం శుక్రవారం మధ్యాహ్నం పోయింది. దొనకొండలో రైలెక్కి, స్టేషన్ నుంచి బండి మాట్లాడుకొని, చిన్నకూతురు శేషమ్మను వెంటబెట్టుకొని ఆమె మార్కాపురంలో అల్లుడి వాకిట్లో కాలు పెట్టేసరికి, ఐదేళ్ళ మనమరాలు రంగనాయకమ్మ నీళ్ళతొట్టి అంచు పట్టుకొని వాంతి చేసుకుంటున్నది.

తండ్రి ఆదెయ్య పిల్ల నుదురు పట్టుకొని కూర్చున్నాడు. తాత ఓబులేసు చెంబెడు నీళ్ళు ముంచి, అవి ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు.

"ఎన్నిసార్లయింది?" అన్నది మాలకొండమ్మ. చంకలో మూట దించలేదు.

"ఇది ఐదోది."

"ఏం పెట్టినావు?"

"సొరకాయ కూర, అత్తా. పాలు పోసి చేసినా. దానికి ఇష్టమని."

దానికి అంటే ఎవరికని ఎవరూ అడగలేదు. మాలకొండమ్మ పెద్దకూతురు కృష్ణమ్మ పోయి ఆ రోజుకు మూడు నెలలు. గోడవార దీపం ముందు ఆకు వేసి ఉంది. ఆకులో అన్నం, కూర, పక్కన చెంబుతో నీళ్ళు. ఆ ఆకు కోసమే తల్లీ కూతుళ్ళు రైలెక్కి వచ్చింది.

మాలకొండమ్మ లోపలికి పోయి ఆకులోని కూర ముక్క ఒకటి తీసి నాలుక చివర పెట్టుకుంది. వెంటనే వాకిట్లోకి వచ్చి ఉమ్మింది. చెంబు ఓబులేసు చేతిలోంచి లాక్కొని నోరు పుక్కిలించింది. మళ్ళీ పుక్కిలించింది.

"ఏ పాదుది ఈ కాయ?"

ఆదెయ్య గొర్రెల కొట్టం వైపు చూపించాడు. కొట్టం మీద పచ్చగా అల్లుకున్న తీగ ఉంది. నాలుగు కాయలు వేలాడుతున్నాయి.

"అది బుర్రల పాదు కదయ్యా!"

ఎండబెట్టి, గింజలు రాల్చి, నీళ్ళు పోసుకొని గొర్రెల వెంట పట్టుకుపోయే సొరబుర్రల కోసం కృష్ణమ్మ పెట్టిన పాదు అది. ఆ కాయ ఎంత లేతదైనా చేదు విషం. కూరకు పెట్టిన పాదు దొడ్డి గోడ అవతల ఉండేది. దాని కాపు నెల కిందటే అయిపోయింది. రెండు పాదుల ఆకూ ఒకటే, పువ్వూ ఒకటే, కాయా ఒకటే.

మాలకొండమ్మ వియ్యంకుడి వైపు తిరిగింది. "అన్నా, నీకన్నా తెలియదా? నలభై ఏళ్ళు ఆ బుర్రలే భుజానికి తగిలించుకొని తిరిగినావు."

ఓబులేసు మెల్లగా అన్నాడు. "నాకు బుర్ర తెలుసు చెల్లెమ్మా. కాయ తెలియదు. అది ఎండి చేతికొచ్చినాకే నాకు తెలిసేది."

"కోసినప్పుడు ఒక ముక్క నోట్లో వేసుకొని చూడలేదా ఆదెయ్యా?"

"పెద్దలకు పెట్టేది అత్తా. ఎంగిలి చెయ్యకూడదు గదా. పైగా ఒక్కపొద్దు ఉన్నా, దీపం పెట్టిందాకా."

మాలకొండమ్మ చెంబు కింద పెట్టింది.

"కూర రుచి చూడొద్దన్నారు గాని, కాయ రుచి చూడొద్దని ఎవరన్నారు నాయనా? పొయ్యి మీదికి ఎక్కకముందు, ఉప్పు పడకముందు, సన్నంగా ఒక చెక్క కోసి నాలుకకు పెట్టుకొని ఉమ్మేస్తాం. ఆడముండ ప్రతి ఒక్కతీ చేస్తది. నా బిడ్డ తొమ్మిదేళ్ళు నీ కండ్ల ముందర చెయ్యలేదా?"

చేసింది. ఆదెయ్యకు ఇప్పుడు గుర్తుకు వచ్చింది. కత్తిపీట ముందు కూర్చొని, దోసకాయ చివర కోసి, నాలుకకు ఆనించి, పక్కకు ఉమ్మేది. ఒకసారి, పెళ్ళయిన కొత్తలో, ఏంది ఆ ఎంగిలి పని అని కసిరాడు. ఆ తర్వాత అతను వంటింటి వైపు ఉంటే చేసేది కాదు కాబోలు.

"పిల్ల చేదు చేదని మొత్తుకున్నది చెల్లెమ్మా," అన్నాడు ఓబులేసు. "నోరు బాగలేదేమో అనుకున్నాం."

"మూడు ముద్దలు నేనే తినిపించినా," అన్నాడు ఆదెయ్య. "ఒద్దన్నా పెట్టినా. నువ్వు వచ్చేసరికి పిల్ల కడుపునిండా తిని ఉండాలని."

మాలకొండమ్మ మూట అప్పుడు దించింది. పిల్లను ఎత్తుకొని లోపలికి పోయింది.

*

పొద్దువాలేవేళకు వాంతులు ఆగాయి. పిల్ల అవ్వ ఒళ్ళో తల పెట్టుకొని పలచటి మజ్జిగ నాలుగు గుక్కలు తాగింది. ఆదెయ్య గిన్నె పట్టుకొని దగ్గరికి వస్తే మొహం అటు తిప్పుకుంది. అతను గిన్నెను అత్త చేతికిచ్చి గుంజకు ఆనుకొని కూర్చున్నాడు.

శేషమ్మ వాకిలి ఊడుస్తున్నది.

"మూడు నెలలు ఏం తిన్నారు?" అన్నది మాలకొండమ్మ.

"సంకటి కెలకడం నాకు వచ్చు. కృష్ణమ్మ పెట్టిన చింతకాయ తొక్కు ఉండె. మజ్జిగ. పది దినాల కింద తొక్కు జాడీ అయిపోయింది."

"అయిపోతే?"

"అప్పటినుంచి సంతలో కాయలు తెస్తున్నా. చేమగడ్డలు తెచ్చి పచ్చివి గీకినా. చేతులు మూడు రోజులు దురద. కాకరకాయలు ఉడకబెట్టినా. ఎవరం తినలేకపోయినాం. గొర్రె కూడా ముట్టలేదు."

"గొర్రె మూతి పెట్టి చూసింది చెల్లెమ్మా, పాపం," అన్నాడు ఓబులేసు. "మావాడి మొహం చూసి వెనక్కి పోయింది."

ఎవరూ నవ్వలేదు. ఓబులేసు పైపంచె సర్దుకున్నాడు.

"సోమవారం రైలుకు పిల్లను తీసకపోతా," అన్నది మాలకొండమ్మ.

ఆదెయ్య తల ఎత్తాడు.

"ఒద్దత్తా."

"ఒద్దంటే ఇంకోటి ఉంది. నేను ఊరికే చెప్పేది కాదు, మీ మామా నేనూ అనుకొనే వచ్చినాం. శేషమ్మను చేసుకో. అక్క పిల్లను అక్క చెల్లెలు చూసుకుంటది. పిల్ల నీ దగ్గరే ఉంటది. నా బిడ్డ పొయ్యి ఆరకుండా ఉంటది."

వాకిట్లో చీపురు చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఊడ్చిన చోటే ఊడుస్తున్నది.

"మాట సబబుగానే ఉంది చెల్లెమ్మా," అని ఓబులేసు మొదలుపెట్టాడు.

"నాయనా, నువ్వు ఊరుకో."

ఆదెయ్య అత్త వైపు తిరిగాడు.

"శేషమ్మ నా కండ్లముందర పెరిగింది అత్తా. మా పెళ్ళినాడు దానికి ఆరేండ్లు. ఊరేగింపులో నా భుజమ్మీదే నిద్రపోయింది."

"ఇప్పుడు పదహైదు. అందరూ అట్లనే పెరిగినారు, అందరికీ అట్లనే పెండ్లిండ్లు అయినాయి."

"నేను నేర్చుకుంటా."

"ఏంది నేర్చుకునేది?"

"కాయ కోసేది, కూర వండేది."

మాలకొండమ్మకు నవ్వు రాలేదు. కోపమూ రాలేదు. ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల జుట్టు సవరిస్తూ, బడిలో పాఠం అప్పజెప్పినట్టు నెమ్మదిగా అన్నది.

"నీకు ముప్పై రెండు. మీ నాయనకు అరవై దాటినాయి. ఈ ఇంట్లో ఏ కాయ ఎట్ల కోస్తారో ఇద్దరు మగోళ్ళకు తెలియదు. ఒక్కో కాయకు ఒకసారి ఇట్ల అయితే, అన్ని కాయలూ నువ్వు నేర్చుకునేసరికి పిల్ల మిగలొద్దా అబ్బీ? ఒకదాన్ని ఇచ్చి పోగొట్టుకున్నా. ఇంకోదాన్ని పోగొట్టుకునే ఓపిక లేదు నాకు."

సోమవారానికి మధ్య రెండు రోజులున్నాయి.

*

శనివారం పొద్దున అతను పలకల గనికి పోలేదు. స్నానం చేసి, వంటింట్లో కత్తిపీట ముందు గొంతుక్కూర్చొని, గుత్తివంకాయలు నాలుగు ముందు పెట్టుకొని చూస్తున్నాడు.

గనిలో అతనికి పేరుంది. ఎంత మందపు రాయి ఇచ్చినా ఉలి ఆనించి, సుత్తితో రెండు దెబ్బలు తట్టి, చపాతీ పొరల్లాగా పలకలు విడదీస్తాడు. అతను చీల్చిన పలక అంచు విరగదని మేస్త్రీలు చెప్పుకుంటారు. ఆ చేతులు ఇప్పుడు వంకాయను ఎటునుంచి పట్టుకోవాలో తెలియక గాలిలో ఆగిపోయి ఉన్నాయి.

ఒక కాయను పట్టుకొని రెండు ముక్కలు చేశాడు. మరోదాన్నీ చేశాడు. తట్టలో పడ్డ ముక్కలు చూస్తుండగానే రంగు మారడం మొదలుపెట్టాయి.

"నీళ్ళల్లో వెయ్యాలి బావా. నల్లబడిపోతాయి."

శేషమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. లోపలికి వచ్చి, ముంతలో నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు వేసి అతని ముందు పెట్టింది.

"తొడిమ తియ్యొద్దు. ఇట్ల నాలుగు పక్కలా చీలిక పెట్టు, విడిపోగూడదు. విప్పి లోపల చూడు. పురుగుంటే పారేయ్. మీరు ఇప్పటిదాకా తిన్న వాటిల్లో ఎన్ని పురుగులు పోయినాయో."

"మీ అమ్మ యాడ?"

"పాపను ఎత్తుకొని ఎండకు కూర్చుంది. వీపు ఇటే ఉంది." ఆమె గొంతు తగ్గించింది. "బావా, నీతో ఒక మాట చెప్పాల. కోపపడవు గదా?"

"చెప్పు."

"నువ్వు నిజంగానే నేర్చుకుంటావా, లేక ఊరికే అమ్మ నోరు మూయించడానికి అన్నావా?"

"నిజంగానే."

"అయితే నేను నేర్పిస్తా. గట్టిగా నేర్చుకో. సోమవారం పొద్దున అమ్మ ముందర నువ్వొక్కడివే కోసి, వండి, పాపకు పెట్టాల. పాప తినాల. అప్పుడు అమ్మ పాపనూ తీసకపోదు, నన్నూ ఇక్కడ విడిచిపెట్టదు."

ఆదెయ్య కత్తిపీట మీదనుంచి కాలు తీశాడు.

"నీకు ఇష్టం లేదా?"

"నీమీద ఏమీ లేదు బావా. నువ్వు మంచోడివి." ఆమె వంకాయ ముచ్చిక గిల్లుతూ ఉంది. "నిన్న వచ్చినప్పటినుంచి మామ నన్ను రెండుసార్లు కృష్ణమ్మా అని పిలిచినాడు. పాప నా కొంగు వాసన చూసింది. నేనేమో అక్క మాదిరి నడుస్తానంట, అమ్మ అంటది. ఈ ఇంట్లో ఉంటే మీరంతా నా మొహంలో అక్కను వెతుకుతారు. దొరకదు. దొరకనందుకు నామీదే కోపం వస్తది."

బయట పిల్ల ఏదో అడిగింది. మాలకొండమ్మ ఏదో చెప్పింది.

"సరే," అన్నాడు ఆదెయ్య. "ఎక్కడనుంచి మొదలుపెడదాం?"

"నీకు ఏమేం వచ్చు? దాచుకోకుండా చెప్పు."

అతను ఆలోచించాడు. "గుమ్మడికాయ పగలగొట్టడం వచ్చు."

శేషమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ఇళ్ళల్లో నిండు గుమ్మడికాయకు ఆడవాళ్ళు కత్తి పెట్టరు. మొదటి దెబ్బ మగవాడు వేసి పక్కకు తప్పుకుంటే, అక్కడినుంచి పని ఆడవాళ్ళది.

"మగోళ్ళకు వచ్చిన వంట అదొక్కటే బావా. పగలగొట్టి పోయేది."

ఆ రోజంతా మాలకొండమ్మ వీపు ఎటు తిరిగితే పాఠం అటు సాగింది. చేమగడ్డలు పచ్చివి గీకకూడదు, ఉడకబెట్టి చల్లారనిచ్చి, చేతికి నూనె రాసుకొని ఒలవాలి, చింతపండు తగలందే దింపకూడదు. గోరుచిక్కుడు రెండు కొసలూ గిల్లి, పక్కన నార లాగాలి. కాకరకాయకు ఉప్పు రాసి పిండాలి. బీరకాయకు ఈనెలు గీసి, తొక్క పారెయ్యకుండా పచ్చడికి ఉంచాలి. చెప్పిన ప్రతిదాన్నీ ఆదెయ్య తిరిగి అప్పజెప్పేవాడు. ఒక్కటి తప్పితే శేషమ్మ మొదటినుంచి చెప్పించేది.

"గనిలో రాయి మంచిదో కాదో ఎట్ల తెలుస్తది నీకు?" అని అడిగింది మధ్యలో.

"తట్టి వింటా."

"మరి కాయను ఎందుకు వినవు? గోరు గుచ్చి చూడు. వాసన చూడు. నాలుకకు పెట్టు. చూడకుండా ఏదీ పొయ్యి ఎక్కించొద్దు."

"తొమ్మిదేండ్లు మీ అక్క పక్కనే తిరిగినా శేషమ్మా. ఒక్కనాడు ఇది ఎట్ల చేస్తావని అడగలేదు."

ఆమె బీరకాయ ఇంకొకటి అతని చేతిలో పెట్టింది.

*

ఆదివారం పొద్దున మాలకొండమ్మ చెన్నకేశవస్వామి గుడికి పోయింది. ఓబులేసు వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. సోమవారానికి ముందు ఒకసారి చూసుకుందామని ఆదెయ్య ఒక్కడే బీరకాయలు గీసి, చెక్క కోసి, నాలుకకు పెట్టి, పక్కకు ఉమ్మాడు. బాగుంది. తరిగాడు. తాలింపు పెట్టాడు. శేషమ్మ గోడకు ఆనుకొని చేతులు కట్టుకొని నిలబడింది. మాట సాయం కూడా చెయ్యలేదు.

కూర దించి, గిన్నెలో అన్నం కలిపి, అతను పిల్లను పిలిచాడు. రంగనాయకమ్మ గడప దాకా వచ్చి ఆగింది.

"రామ్మా. బీరకాయ."

పిల్ల కదలలేదు.

"చేదు ఉండదమ్మా. నేను చూసినా."

"నువ్వు తిను," అన్నది పిల్ల.

అతను ఒక ముద్ద తిన్నాడు. పిల్ల అతని నోటినే చూస్తున్నది, మింగినాడా లేదా అని.

"ఇంకోటి తిను."

తిన్నాడు.

"తాతకు పెట్టు."

ఓబులేసును పిలిచారు. ఆయన వచ్చి, నోరు తెరిచి, ముద్ద తీసుకొని, కళ్ళు మూసుకొని నములుతూ "అబ్బో, పెండ్లి భోజనం మాదిరుందే!" అన్నాడు.

"చిన్నమ్మకు."

శేషమ్మ ముందుకు వంగింది. వేడి ముద్ద నోట్లో పడి నాలుక కాలి, ఆమె చేతులు ఆడిస్తూ గెంతింది. ఆదెయ్యకు నవ్వు వచ్చింది. మూడు నెలల తర్వాత వచ్చిన నవ్వు గనక సరిగ్గా రాలేదు, దగ్గులాగా వచ్చింది. అది విని శేషమ్మ నవ్వింది. పిల్ల ఆ ఇద్దరినీ చూసి, గడప దాటి వచ్చి, తండ్రి మోకాలి పక్కన కూర్చొని నోరు తెరిచింది.

ఒక ముద్ద తిన్నది. రెండు తిన్నది.

ఆదెయ్య ముద్దలు ఊది చల్లార్చి పెడుతున్నాడు. శేషమ్మ గిన్నె అంచు పట్టుకొని ఒరగకుండా చూస్తున్నది. రెండు తలలూ పిల్ల మీదికి వంగి ఉన్నాయి.

అలికిడై చూస్తే మాలకొండమ్మ వంటింటి గుమ్మంలో ఉంది. చేతిలో గుడి కొబ్బరిచిప్ప. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు. కొంగు కళ్ళకు ఒత్తుకుంటున్నది.

"తిననీ," అన్నది మెల్లగా. "తిననీ. నేనేం అననులే."

కొబ్బరిచిప్ప గూట్లో పెట్టి, చెప్పులు లేకుండానే మళ్ళీ వాకిట్లోకి పోయింది. ఆమె వెనకే ఓబులేసు పోయాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకోవడం వినిపించింది. ఆ తర్వాత పక్కింటి గోడ మీదుగా మాలకొండమ్మ గొంతు వినిపించింది, వచ్చిన తర్వాత మొదటిసారి గట్టిగా.

"ఏసమ్మా! మా అల్లుడు ఒప్పుకున్నాడే! ఇద్దరూ ఒకచోట కూర్చొని బిడ్డకు తినిపిస్తున్నారు, నా కండ్లతో చూసి వచ్చినా. అయ్యవారింటికి పోతున్నా, పెండ్లికి మంచిదినం అడిగి వస్తా."

శేషమ్మ చెయ్యి గిన్నె అంచు మీదనుంచి జారింది.

ఓబులేసు గుమ్మంలోకి వచ్చాడు. మొహం వెలిగిపోతున్నది. "మీ అత్త మాటంటే మాటేరా ఆదెయ్యా. పిల్ల ఇంక యాడికీ పోదంట. సోమవారం రైలు లేదు, ఏమీ లేదు. నీకు చేతనైతే ఇంకో ముద్ద పెట్టు, ఆకలి మీద ఉన్నా."

"మామా, నేను..." అన్నది శేషమ్మ.

"నువ్వేం సిగ్గుపడొద్దులే తల్లీ," అని ఆయన వాకిట్లోకి పోయాడు.

పిల్ల నోరు తెరిచి కూర్చుంది. ఆదెయ్య ముద్ద పెట్టాడు.

"బావా," అన్నది శేషమ్మ. "వీధి మలుపు దాటకముందే పో. అట్ల కాదని చెప్పు. నేను చెబితే అమ్మ వినదు. నువ్వు చెబితే వింటది."

ఆదెయ్యకు ఆమె మాట వినబడింది. పిల్ల నమలడం కూడా వినబడింది. చెబితే మాలకొండమ్మ వింటుంది. విని, ఒక్క పూట కూరను నమ్మక, రేపటి రైలుకు పిల్ల గుడ్డలు మూటగడుతుంది.

"బావా."

"పిల్ల తింటున్నది శేషమ్మా. ఈ గిన్నె కానీ."

"గిన్నె అయ్యేసరికి అమ్మ అయ్యవారి గడప ఎక్కుతది."

అతను ఇంకో ముద్ద కలిపాడు. అన్నంలోని మిరపకాయ ముక్క ఏరి పక్కన పెట్టాడు. తల ఎత్తలేదు. శేషమ్మ అతన్ని చూస్తూ నిలబడింది. నిన్నంతా తాను చెప్పిన ప్రతి మాటనూ తిరిగి అప్పజెప్పినవాడు ఇప్పుడు ఒక్క మాటకు నోరు విప్పడం లేదు.

గిన్నె ఖాళీ అయింది. పిల్ల చెయ్యి చాపి ఇంకా కావాలన్నది.

ఆదెయ్య లేచాడు. పొయ్యి దగ్గరికి పోయి ఇంకాస్త అన్నం పెట్టుకొని వచ్చి కూర్చున్నాడు.

మాలకొండమ్మ వెనక ఎవరూ పోలేదు. ఆమెకు చెప్పవలసిన మాట ఇంకా చెప్పలేదు.